హిల్లా పండే చోటు

దెస్పీనాకి వాన కూడా నచ్చింది. ఇర్మెలికి ఒళ్ళు మండింది అక్కడే.

శనివారం పొద్దున సైమి వంటింట్లో ముగ్గురూ కాఫీ తాగుతున్నారు. బయట సన్నవాన విడవకుండా పడుతోంది. జులై నెలంతా ఇలాగే ఏడిస్తే ఇంక వేసవి ఎప్పుడని ఊరు ఊరంతా తిట్టుకుంటుంటే, ఈ గ్రీకు పిల్ల కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టింది.

"మా ఊళ్ళో ఈ నెలలో నేల బీటలు తీస్తుంది ముమ్మో. ఇక్కడ చూడు, ఎంత చల్లగా ఉందో."

ముమ్మో అంటే అమ్మమ్మ. ఎనభై మూడేళ్ళ సైమికి ఇర్మెలి ఒక్కతే కూతురు. ఆ ఇర్మెలికి పిల్లల్లేరు. అందుకని ఆ ఇంట్లో ఆ పిలుపు ఎన్నడూ వినపడలేదు. రెండేళ్ళ కిందట మేడ మీది గదిలో అద్దెకు దిగిన పిల్ల వచ్చిన వారానికే ఆ పిలుపు పిలిచేసింది. మొదటిసారి విన్నప్పుడు సైమి తల తిప్పుకుని పొయ్యిలో కట్టెలు సర్దింది. వద్దని మాత్రం అనలేదు.

దెస్పీనా ఆ ఊరి ఆరోగ్యకేంద్రంలో పళ్ళ డాక్టరు. ఉత్తరాన అంత దూరం రావడానికి పళ్ళ డాక్టర్లెవరూ ఒప్పుకోరు. ఉన్నవాళ్ళంతా రాజధాని హెల్సింకిలోనే ఉంటారు. కాబట్టి ఈమె వచ్చేసరికి సగం ఊరికి పిప్పిపళ్ళే. పరాయి దేశం మనిషి కనిపిస్తే అక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటే: మా ఫిన్లండ్‌లో నీకేం నచ్చింది? అడిగేవాళ్ళకి జవాబు మీద పెద్ద ఆశేమీ ఉండదు. దెస్పీనా మాత్రం మొదలుపెడితే ఆపేది కాదు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాడు మధ్యలో అడ్డు తగల్లేడు కాబట్టి అంతా వినేవాడు. గడ్డకట్టే చలిలో కొట్టు బయట తోపుడుబండిలో పసివాణ్ణి నిద్రపుచ్చి తల్లి లోపల తాపీగా సరుకులు కొనుక్కోవడం నచ్చిందట. ఏడేళ్ళ పిల్లలు శీతాకాలపు చీకట్లో ఒంటరిగా బడికి నడిచి వెళ్ళడం నచ్చిందట. గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు కుట్టుమిషను కూడా ఇంటికివ్వడం నచ్చిందట. పక్కన కూర్చున్నవాడు గంటసేపు నోరు విప్పకపోయినా, కోపమొచ్చిందేమో అని కంగారుపడనక్కర్లేదు చూడండి, అది అన్నిటికన్నా నచ్చిందట. నోట్లో దూది పెట్టుకుని ఇదంతా విన్న జనం ఇంటికెళ్ళి తమ కుట్టుమిషన్నీ తమ మౌనాన్నీ కాస్త గర్వంగా చూసుకున్నారు. ఊరికి ఆ పిల్లంటే పిచ్చి పట్టింది.

ఇర్మెలికి పట్టలేదు. యాభై ఏడేళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషిని నీకేం నచ్చిందమ్మా అని ఎవరూ అడగరు. అడిగినా ఆమెకి చెప్పడం రాదు. అదే ఆమె బాధ. తన బీరువాలో అడుగున పడున్న శాలువాని ఎవరో తీసి కప్పుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతూ ఎంత బాగుందో అంటుంటే చూస్తున్నట్టుండేది ఆమెకి. శాలువా తనదే, ఒప్పుకుంటారు అందరూ. కానీ నప్పింది ఆ పిల్లకే.

"వాన నచ్చింది, సరే. దోమలు కూడా నచ్చాయా?" అంది ఇర్మెలి, యాలకుల రొట్టె ముక్క కాఫీలో ముంచుతూ.

"అబ్బే, దోమలు నచ్చలేదండీ. కానీ అవి కుడుతుంటే మీరందరూ ఏమీ కుట్టనట్టు మొహం పెడతారు చూడండి, అది మాత్రం భలే నచ్చింది."

సైమి నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఆ పళ్ళు కూడా దెస్పీనా కట్టినవే. అంతకుముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వో దగ్గో తెలియకుండా ఏదో చప్పుడు చేసేది. అమ్మ నవ్వే మనిషి కాదని ఇర్మెలి ఎప్పుడో సర్దిచెప్పుకుంది. ఇప్పుడు చూస్తే ఎనభై మూడేళ్ళ వయసులో కిలకిలలు. ఇంకొకటి కూడా ఇర్మెలి గమనించింది. ఆ పిల్ల సైమిని నువ్వంటుంది, తనను మాత్రం మీరంటుంది. మర్యాదే, కాదనడానికి లేదు. కానీ ఆ మర్యాద తనను గుమ్మం అవతల నిలబెట్టినట్టుండేది.

ఇంక హిల్లా సంగతి చెప్పాలి.

హిల్లా చిత్తడి నేలల్లో నాచు మీద జానెడు మొక్కకి ఒక్కటంటే ఒక్కటే కాసే పండు. పండితే తేనె రంగు. జులై చివర మొదలై ఆగస్టులో కొన్నాళ్ళుండి పోతుంది. అక్కడి అడవిలో ఎవరి నేలలో పండిన పండునైనా ఎవరైనా కోసుకోవచ్చు, అడిగేవాడు లేడు. అందుకే హిల్లా దొరికే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. అన్నదమ్ములు చెప్పుకోరు, మొగుడూ పెళ్ళాం చెప్పుకోరు. పైగా అడగకూడదు కూడా. నీ చోటు ఎక్కడని ఒకరిని అడగడమంటే, నిన్న పడకగదిలో నువ్వూ మీ ఆయనా ఏం మాట్లాడుకున్నారని అడిగినంత పని.

సైమి చోటు ఆ చుట్టుపక్కల పేరుమోసిన చోటు. పూత మీద మంచు కురిసి అందరి బకెట్లూ ఖాళీగా తిరిగొచ్చిన ఏళ్ళలో కూడా ఆమెవి నిండుగా వచ్చేవి. ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆమె మొగుడు తాయిస్తో ఏటా కారులో పెద్ద రోడ్డు మలుపు దాకా దింపి, ఆమె ఎటు నడిచిందో చూడకుండా బండి వెనక్కి తిప్పేవాడు. తెలియకుండానే పోయాడు. తెలుసుకోలేదని గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

చిన్నప్పుడు ఇర్మెలి ఆ కారు వెనక సీట్లో కూర్చుని, అమ్మ తలగుడ్డ పైన్ చెట్ల మధ్య కనపడకుండా పోయేదాకా మెడ తిప్పి చూసేది. ఒకసారి పక్కింటి ఆవిణ్ణి మీ హిల్లా ఎక్కడని అడిగేసింది. ఆ సాయంత్రం సైమి కూతుర్ని వంటింట్లోకి పిలిచి, ఎవర్నీ అలా అడగకూడదని ఒక్క మాట అంది. ఆమె అరిచే మనిషి కాదు. అరిస్తే ఇర్మెలి మర్చిపోయేదేమో.

ఆ తర్వాత అడగలేదు. అమ్మే రమ్మంటుందని ఎదురుచూసింది. పెళ్ళయిన ఏడు రమ్మంటుందనుకుంది. నాన్న పోయిన ఏడు తప్పకుండా అంటుందనుకుంది. జులై చివరికల్లా రబ్బరు బూట్లు కడిగి కారు డిక్కీలో పెట్టుకునేది. అమ్మ మాత్రం క్రిస్మస్‌కి ఒక సీసాడు హిల్లా జామ్ ఇచ్చి సరిపెట్టేది. ఇర్మెలికి కావలసింది జామ్ కాదు. పండ్లు సంతలో కొంటే దొరుకుతాయి. నా తర్వాత ఇది నీదే అని అమ్మ తన నోటితో అనాలి, అదీ ఆమెకి కావలసింది. సైమి మోకాళ్ళు చూస్తే ఇంక ఎన్ని వేసవులు ఉన్నాయో తెలుస్తూనే ఉంది.

వాన వెలిసిన వారంలో మొగుడు వేసా పొగబెట్టిన చేపలు రెండు కాగితంలో చుట్టుకుని ఇర్మెలి పుట్టింటికి వచ్చింది. వేసా చేపలు పట్టడం తప్ప మరో వ్యసనం లేని మనిషి. వరండాలో రెండు జతల బూట్లు బోర్లించి ఉన్నాయి. ఒకటి అమ్మది. రెండోది ఎర్రది, దెస్పీనాది. రెండిటికీ నాచు అంటుకుని ఉంది, అదీ తడి తడి నాచు. లోపల బల్ల మీద గిన్నెలో హిల్లా పండ్లు, ఈ ఏడు మొదటివి.

ఇర్మెలి చేపలు బల్ల మీద పెట్టింది. ఏమీ అడగలేదు. సైమి కాఫీ పొయ్యి మీద పెట్టింది. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. ఆ ఇద్దరూ అలా సాయంత్రం దాకా గడిపేసేవాళ్ళే, దెస్పీనా మేడ దిగి రాకపోతే.

"ముమ్మో నన్ను చిత్తడికి తీసుకెళ్ళింది ఇర్మెలి గారూ. అంత నిశ్శబ్దం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు."

"తీసుకెళ్ళిందా?" అంది ఇర్మెలి. గొంతు మామూలుగానే ఉంచడానికి నానా తంటాలు పడింది.

"అడిగాను, రమ్మంది."

"అడిగావా? ఎలా అడిగావు?"

"ఎలా అంటే..." దెస్పీనాకి ప్రశ్న అర్థం కాలేదు. "ముమ్మో, నీ హిల్లా ఎక్కడ కాస్తుంది, నన్నూ తీసుకెళ్ళవా అన్నాను. తప్పా?"

"తప్పేం కాదులే. తాగు, చల్లారిపోతోంది," అంది సైమి, కప్పు ఆ పిల్ల వైపు జరిపి.

కప్పు ఆ పిల్ల వైపే జరిగింది. ఇర్మెలి కప్పు ఇంకా ఖాళీగానే ఉంది. గిన్నెలోంచి ఒక పండు తీసి నోట్లో వేసుకుంది. బాగా పండింది, తియ్యగా ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు డిక్కీ తెరిచి, కడిగి పెట్టుకున్న తన బూట్లు చూసుకుంది. చుక్క బురద లేదు. ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం సౌనాలో, అంటే ఇంటి ఆవిరిస్నానాల గదిలో, పై మెట్టు మీద కూర్చుని వేసాకి చెప్పింది. సౌనాలో పోట్లాడకూడదు కాబట్టి ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. వేసా అంతా విని వీపు గోక్కున్నాడు.

"మరి నువ్వు కూడా అడగొచ్చుగా."

"ఏమని?"

"ఎక్కడే అని."

"ఏం మాటలవి? మీ నాన్న వల వేసే చోటు మీ అన్నదమ్ములెవరైనా అడిగారా?"

"అడగలేదు. అందుకే అది ఆయనతోనే పోయింది," అన్నాడు వేసా. ముంతెడు నీళ్ళు వేడి రాళ్ళ మీద పోశాడు. ఆవిరి బుస్సుమని లేచింది.

"ఆ పిల్లకి తెలియక అడిగింది. పరాయిది కాబట్టి చెల్లింది."

"చెల్లిందిగా మరి."

"నీకేం, అంటావు. నీకు మీ అత్త మీద ప్రేమా, నా మీద జాలా ఏదైనా ఉంటే కదా."

వేసా ఇంకో ముంత పోశాడు. ఆ వేడికి ఇర్మెలి కింది మెట్టుకి దిగాల్సొచ్చింది, మాట అక్కడితో ఆగిపోయింది.

శుక్రవారం సైమి ఫోన్ చేసింది. "రేపు కాఫీకి రాకు. ఎల్లుండి రా," అని పెట్టేసింది. కారణం చెప్పలేదు. శనివారం కాఫీ ఎప్పుడూ తప్పలేదు, ఇర్మెలికి జ్వరమొచ్చినప్పుడు తప్ప. ఎందుకు రావద్దందో చిన్నపిల్లకైనా తెలుస్తుంది. పళ్ళ డాక్టరుకి సెలవు శనివారమే మరి.

తెల్లారాక ఇర్మెలి కారు తీసుకుని వెళ్ళి, పెద్ద రోడ్డు మలుపులో పేర్చిన దుంగల వెనక ఆపింది. నాకేదో ఇటు పనుందిలే అని తనకు తానే చెప్పుకుంది. పనేమిటో మాత్రం తోచలేదు. కాసేపటికి దెస్పీనా చిన్న నీలం కారు వచ్చి అడవి బాటలోకి తిరిగింది. ముందు సీట్లో అమ్మ. వెనక అద్దంలోంచి ఆ తెల్ల జుట్టు ఊగుతూ కనిపించింది. ఏదో మాట్లాడుతోంది. ఇర్మెలి ఎక్కించుకుని ఎక్కడికి తీసుకెళ్ళినా సైమి ముందు రోడ్డుని చూస్తూ కూర్చునేది గానీ మాట్లాడేది కాదు. తల అలా ఊపుతూ ఇంతసేపు ఏం చెబుతోందో. కారు ఎన్నో మలుపులు తిరిగింది, ఆ తెల్ల జుట్టు వెంటే ఇర్మెలీ తిరిగింది.

వాళ్ళు బండి దిగి నడిచారు. ఈమె దూరంగా దిగి వెనక నడిచింది. కన్నతల్లి వెనక దొంగలా నక్కి నడుస్తున్నందుకు సిగ్గేసింది. అయినా కాళ్ళు ఆగలేదు. ముందు దెస్పీనా ఎర్ర బూట్లు, పక్కన అమ్మ గోధుమరంగు కోటు. ఆ పిల్ల అమ్మ మోచెయ్యి పట్టుకుంది. అమ్మ చెయ్యి విదిలించుకోలేదు. పోయిన శీతాకాలం మంచు మీద ఇర్మెలి పట్టుకోబోతే, నేనేమైనా ముసలిదాన్నా అని విదిలించుకున్న చెయ్యే అది. ఒకచోట పడిన చెట్టు దాటడానికి ఆ పిల్ల అమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి ఎత్తింది. ఇద్దరూ నవ్వారు. ఇర్మెలి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

అడవి పలచబడి చిత్తడి మొదలైంది. మనిషెత్తు పైన్ చెట్లు, నాచు దిబ్బలు, మధ్యమధ్య నల్లటి నీళ్ళు. నాచు నిండా తేనె చుక్కలు చల్లినట్టు హిల్లా. దోమలు ఇర్మెలి మెడ మీదా కనురెప్పల మీదా వాలాయి. కొడితే చప్పుడవుతుందని కొట్టలేదు. ఒక దిబ్బ వెనక చతికిలబడి చెవులు రిక్కించింది.

"ఇక్కడ కూర్చుని ఏడ్చాను," అంటోంది సైమి.

"ఎప్పుడు ముమ్మో?"

"మా ఆయన్ని పూడ్చిన వారానికి. ఇంట్లో ఏడిస్తే ఇర్మెలి చూస్తుందని. అది మొదలే నాన్న కూతురు, తట్టుకోలేదు. బకెట్లు పట్టుకుని వచ్చి ఈ దిబ్బ మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో. పొద్దువాలాక కళ్ళు కడుక్కుని, ఉత్త బకెట్లతో పోతే బాగుండదని నాలుగు పండ్లు ఏరుకుని పోయాను."

ఆ రోజు ఇర్మెలికి బాగా గుర్తుంది. నాన్న మట్టి ఆరలేదు, అమ్మ బకెట్లు పట్టుకుని పండ్లకి పోయింది. అమ్మకి రాయిలాంటి గుండె అని ఆ రోజే తీర్మానించుకుంది. ఆ కోపం పైకి చెప్పకుండా ఇన్నేళ్ళూ మోసింది. ఇవాళ తెలిసింది. అదీ తనకు చెబితే కాదు, తనను వాళ్ళు చూడలేదు కాబట్టి తెలిసింది. అమ్మ ఏడుపు నాది, నాన్న పోయిన దుఃఖంలో సగం నాది, అది తీసుకెళ్ళి నిన్నగాక మొన్న వచ్చిన పళ్ళ డాక్టరు ఒళ్ళో పోసింది. చోటు పోతే పోయింది. ఇది కూడానా.

లేచి వెళ్ళిపోదామని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నాచు మీద పడలేదు. నాచులా కనపడిన నీళ్ళ మీద పడింది. కాలు తొడ దాకా దిగిపోయింది, ఆ వెంటే రెండోది.

చిత్తడిలో దిగినవాళ్ళు గట్టిగా కేక పెట్టాలి. అది అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఇర్మెలి కేక పెట్టలేదు. కేక పెడితే ఎందుకొచ్చావంటారు. ముందు తనంతట తానే లాక్కుందామని చూసింది. ఒక బూటు లోపలే ఉండిపోయింది, కాలు మరో బెత్తెడు దిగింది. గడ్డి పరకలు పట్టుకుంటే చేతిలోకి వచ్చేశాయి. చల్లటి నీళ్ళు నడుం అందుకున్నాయి. ఇంక తప్పదనిపించాక, ఆమె దగ్గింది. సంతలో ఎవరైనా దారికి అడ్డంగా నిలబడితే దగ్గుతారే, అలా మర్యాదగా ఒకసారి దగ్గింది. ఎవరూ రాలేదు. కొంచెం గట్టిగా ఇంకోసారి దగ్గింది.

"ఎవరో ఉన్నారు," అంది దెస్పీనా గొంతు.

"రెయిన్డీర్ అయుంటుందిలే," అంది సైమి. మూడో దగ్గుకి మాత్రం ఆమె ఆగింది. "కాదు. అది మా అమ్మాయి దగ్గు."

దెస్పీనా పరుగెత్తుకొచ్చింది. బోర్లా పడుకుని చంకల కింద చేతులు వేసి, పళ్ళు పీకే బలమంతా పెట్టి లాగింది. ఇర్మెలి ఒక బూటుతో, నడుం దాకా నల్లటి బురదతో నాచు మీద బోర్లా పడింది. లేచి కూర్చునేసరికి ఎదురుగా అమ్మ నిలబడి ఉంది, చేతిలో బకెట్టుతో.

"దెబ్బలేమైనా తగిలాయా?" అంది సైమి.

"లేదు."

"మునిగిపోతూ దగ్గుతావేమిటే?"

దెస్పీనా తన కోటు విప్పి ఇర్మెలి భుజాల మీద కప్పింది. అది విసిరి కొట్టాలనిపించింది. కానీ చలికి దవడలు కొట్టుకుంటున్నాయి, ఉంచుకుంది.

"వెనకాలే వచ్చావన్నమాట," అంది సైమి.

"వచ్చాను."

"దొంగచాటుగా."

"ఆ, దొంగచాటుగానే. దీనికైతే దర్జాగా చెయ్యి పట్టుకుని చూపిస్తావు. నాకు దొంగతనమే గతి," అంది ఇర్మెలి. ఒకసారి నోరు పెగిలాక ఇంక ఆగలేదు. "నీ కడుపున పుట్టాను. ఏటా బూట్లు కడిగి డిక్కీలో పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కసారి రమ్మన్నావా? మొన్నొచ్చిన ఈ పిల్ల ఏమిటే నీకు? ముమ్మో అని రెండుసార్లు పిలిస్తే అన్నీ ఇచ్చేయడమేనా?"

"ఇది అడిగింది. నువ్వు అడగలేదు," అంది సైమి.

"అడగకూడదని నువ్వేగా నేర్పావు."

"పైవాళ్ళని అడగకూడదన్నాను. నేను పైదాన్నటే?"

ఇర్మెలి బూటు లేని కాలు కోటు కిందకి లాక్కుంది.

సైమి బకెట్టు కింద పెట్టి దిబ్బ మీద కూర్చుంది. మోకాళ్ళు నొక్కుకుంది. "మా అమ్మని నేను అడిగాను. పెళ్ళయిన ఏడు అడిగాను. అడిగేదాకా ఆమె కూడా చెప్పలేదు. అడిగితేనే కావాలని అర్థం. నువ్వు అడుగుతావని చూశాను. ఇవాళ, రేపు, వచ్చే ఏడు. నువ్వు సంతలో కొనుక్కోవడం మొదలుపెట్టావు. సరే, దీనికి చిత్తడంటే అసహ్యం కామోసు, ఎందుకు బలవంతపెట్టడమని ఊరుకున్నాను."

"నేను చెప్పాను," అంది దెస్పీనా మెల్లగా. "ముమ్మో, ఇర్మెలి గారిని అడగమని నేను చెప్పనా అన్నాను. ఒకరు చెబితే అడిగేది అడగడం కాదంది. మీ దేశంలో నాకు అన్నీ నచ్చాయి గానీ, ఇది మాత్రం నచ్చలేదండీ."

ఆ మాటకి ఇర్మెలికి, సరిగ్గా ఆ మాటకే, ఆ పిల్ల మీద మొదటిసారి కాస్త ఇష్టం పుట్టింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"ఏమైతేనేం," అంది సైమి. మొహం పక్కకి తిప్పుకుంది. "నీకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. నోటితో చెప్పి ఇద్దామనుకున్నాను. ఇప్పుడు చెప్పడానికేముంది? చూసేశావుగా. దారి తెలిసిపోయిందిగా."

ఇర్మెలి అప్పుడు చుట్టూ చూసింది. ఎటు చూసినా అవే గిడస పైన్ చెట్లు, అదే నాచు, అవే నీళ్ళు. కారు ఎటు పక్క ఆపిందో, అడవిలోంచి ఏ మూల బయటికొచ్చిందో ఎంత గుర్తు తెచ్చుకున్నా రాలేదు. గుర్తున్నవి ఒక గోధుమరంగు కోటూ, దాని మోచెయ్యి పట్టుకున్న ఒక చెయ్యీ.

"నాకు దారి తెలియదమ్మా," అంది.

"తెలియకుండానే వచ్చావా?"

"మీ ఇద్దర్నీ చూస్తూ వచ్చాను. ఇది నీ చెయ్యి ఎక్కడ పట్టుకుంది, నువ్వెప్పుడు నవ్వావు, అదే చూశాను. చెట్టు చూడలేదు, మలుపు చూడలేదు. ఇప్పుడు నన్నిక్కడ వదిలేసి పోతే ఇంటికి కూడా పోలేను."

సైమి కూతురి మొహంలోకి చూసింది. దోమ కుట్టిన కనురెప్ప ఉబ్బి సగం మూసుకుపోయింది, గడ్డం మీద బురద. అబద్ధం ఆడే మొహం కాదది.

"అయితే అడుగు," అంది.

ఎంత చిన్న మాట. ఆ పిల్ల మేడ మెట్లు దిగుతూ అడిగేసిన మాట. "ఎక్కడమ్మా?" అంది ఇర్మెలి చివరికి, వినీవినపడకుండా.

"ఏది ఎక్కడ?" అంది సైమి. ఆమె ఊరికే వదిలే మనిషి కాదు.

"నీ హిల్లా. నీ చోటు ఎక్కడమ్మా? నాకు చెబుతావా?"

ఆ చోట్లోనే కూర్చుని, ఒంటినిండా ఆ చోటు బురదే పూసుకుని అడిగింది. ఎవరూ నవ్వలేదు. సైమి కొత్త పళ్ళతో కింది పెదవి కొరుక్కుంది. తర్వాత దెస్పీనా వైపు తిరిగింది.

"నువ్వు చెవులు మూసుకో."

"నాకు తెలుసు కదా ముమ్మో."

"తెలిస్తే తెలిసింది. ఇది నీకు చెప్పేది కాదు."

దెస్పీనా నిలబడిపోయింది. ఈ దేశంలో ఆమెకు నచ్చినదేదీ ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఆమె రెండు అరచేతులతో చెవులు మూసుకుని అటు తిరిగింది. తిరిగే ముందు ఆ మొహంలో ఏదో మెరిసి పోయింది. ఇర్మెలికి అదేమిటో ఇట్టే తెలిసిపోయింది. రెండేళ్ళుగా అద్దంలో తన మొహంలో చూసుకుంటున్నదే. జాలిపడాలి, ఇప్పుడే తనను బురదలోంచి లాగిన పిల్ల. జాలి కలగలేదు. హాయిగా అనిపించింది.

సైమి కూతుర్ని పక్కకి జరిగి కూర్చోమంది. చెవి దగ్గరికి వంగి, దోమలకి కూడా వినపడనంత చిన్న గొంతుతో, పెద్ద రోడ్డు నుంచి మొదలుపెట్టింది.